దివాలా అన్న మాట కోసం నాచారం దాకా

చాలామంది దేవుణ్ణి చూడటానికో చల్లగాలి కోసమో యాత్రలకు వెళతారు. నేను ఒక మాటకు అర్థం కనుక్కుందామని వెళ్లాను. జనగామ నుంచి నాచారం, అక్కడి నుంచి ఉప్పల్, మళ్లీ జనగామ. ఒక ఆదివారంతో అయిపోయిన ప్రయాణం. ఇదే పని మీద వెళ్లేవాళ్లు ఎక్కువమంది ఉండరని తెలుసు. అయినా రైళ్లూ బస్సులూ అందరికీ ఒకటే కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఇది తొంభైల మొదట్లో సంగతి. జనగామలో ఒక జూనియర్ కళాశాలలో వాణిజ్యశాస్త్రం చెప్పేదాన్ని. తెలుగు మీడియం పిల్లలకు పాఠాల్లోని ఇంగ్లీషు మాటలు కొరుకుడు పడటం లేదని, ముగ్గురు అధ్యాపకులం కలిసి ఒక చిన్న పదకోశం మొదలుపెట్టాం. 'ఎ' అక్షరం సాఫీగానే గడిచింది. 'బి'లో బ్యాంక్‌రప్ట్ అనే మాట దగ్గర ఆగిపోయాం. మాలో పెద్దవారు నరసింహాచారి గారు "ఋణపరిశోధనశక్తిరాహిత్యం" అని రాయమన్నారు. పిల్లలకు నోరు తిరగదన్నాను. నోరు తిరగడానికే కదా చదువు అన్నారు. దివాలా అని రాద్దామంటే అది బజారు మాట, పైగా మన మాట కాదు అన్నారు. మరి ఇంగ్లీషువాళ్లది వాళ్ల సొంత మాటేనా అని అడిగాను. దానికి ఆయన దగ్గర జవాబు లేదు గాని, జవాబు తెలిసిన మనిషి చిరునామా ఉంది.

ఆ మనిషి పేరు విశ్వనాథం గారు. కాకినాడ వైపు నుంచి వచ్చి హబ్సిగూడలో ఒక పరిశోధనా సంస్థలో స్థిరపడ్డారు. శాస్త్రవేత్తల కోసం జర్మన్, ఫ్రెంచి, ఇటాలియన్ వ్యాసాలను ఇంగ్లీషులోకి మార్చే ఉద్యోగం. రిటైరై నాచారంలో ఉంటున్నారు. ఒక మాట గురించి మాట్లాడాలని కార్డు ముక్క రాస్తే వారం తిరక్కుండా జవాబు వచ్చింది: "ఆదివారం రండి. భోజనం మా ఇంట్లోనే. నిఘంటువులు మోసుకురావద్దు, ఉన్నవాటికే చోటు చాలడం లేదు." ఏ మాట అన్నది నేను కార్డులో రాయలేదు. రాసి ఉంటే ప్రయాణం ఇంకోలా ఉండేది.

ఉదయం ఏడు దాటాక కాజీపేట వైపు నుంచి వచ్చే ప్యాసింజరు ఎక్కాను. ఆదివారం కాబట్టి ఉద్యోగులు లేరు. కిటికీ దగ్గర చోటు దొరికింది. నా ఎదురుగా ఒక పెద్దామె సీతాఫలాల గంప కాళ్ల మధ్య పెట్టుకొని కూర్చుంది. ఆలేరులో ఒక బట్టల వ్యాపారి ఎక్కి ఆమె పక్కన సర్దుకున్నాడు.

"ఏడికి బిడ్డా?" అని అడిగింది పెద్దామె.

"నాచారం."

"దవాఖానకా?"

"కాదు. ఒక మాటకు అర్థం అడుగుదామని."

ఆమె కాసేపు నన్ను చూసి, "మాట కోసం రైలెక్కినవా" అంది. ఎగతాళి ఏమీ లేదు. మంచిదే అన్నట్టు గంప సర్దుకుంది.

ఏం మాట అని వ్యాపారి అడిగాడు. వ్యాపారం మునిగి బాకీలు తీర్చలేనివాణ్ణి ఏమంటారని అడిగాను. డబ్బా అంతా జవాబు చెప్పడం మొదలుపెట్టింది. దివాల తీసిండంటరు అని ఒకరు. ఐ.పి. పెట్టిండంటరు అని ఇంకొకరు. చేతులెత్తేసిండు, బోర్డు తిప్పేసిండు, జెండా ఎత్తేసిండు. భువనగిరి వచ్చేలోపల నా దగ్గర పదకోశంలో ఒక పేజీకి సరిపడా మాటలు చేరాయి. ఇన్ని మాటలు ఉన్న భాషకు కొత్త సమాసం ఎందుకో నరసింహాచారి గారిని అడగాలనుకున్నాను. మీ దగ్గర ఏమంటారమ్మా అని పెద్దామెను అడిగాను.

"మా ఊర్ల ఏమనరు. ఆళ్లింటికి పోకుంట ఉంటరు, గంతే" అంది.

నాచారానికి ఎక్కడ దిగాలన్న దాని మీద ఘట్‌కేసర్ దగ్గర చర్చ వచ్చింది. మౌలాలిలో దిగి నడవమని సగం మంది, సికింద్రాబాద్ దాకా పోయి బస్సెక్కమని సగం మంది. వెళ్లేవాళ్లకు నా సలహా: సికింద్రాబాద్ పొండి. దూరం ఎక్కువే, కానీ స్టేషన్ ఎదురుగా ఇడ్లీ వేడిగా దొరుకుతుంది. నేను ఒక ప్లేటు తిని, చాయ్ తాగి, నాచారం బోర్డు ఉన్న సిటీ బస్సెక్కాను. మెట్టుగూడ, తార్నాక దాటాక జనం పలచబడ్డారు. హబ్సిగూడ చౌరస్తాలో బస్సు ఉప్పల్ రోడ్డును వదిలి ఎడమకు తిరిగింది. అక్కడి నుంచి ఫ్యాక్టరీ గోడలు, మధ్యమధ్య కాలనీలు. నాచారం దగ్గర పడుతుంటే కిటికీలోంచి బిస్కెట్లు కాలుతున్న వాసన వచ్చింది. తర్వాత ఏదో మందుల ఘాటు. మళ్లీ బిస్కెట్లు. నా పక్కన కూర్చున్న నర్సు ముక్కు మూసుకోకుండానే చెప్పింది, "వాసన మారితే స్టాపొచ్చినట్టు మేడం. ఇగ దిగుండ్రి."

విశ్వనాథం గారి ఇల్లు బస్టాపు నుంచి నాలుగు సందుల అవతల ఉంది. కింద ఒక వాటా, బయటి మెట్ల మీదుగా వెళితే పైన ఒక గది. పై గది కిటికీకి పరదా దించి ఉంది. గేటు చప్పుడు చేయగానే ఒక యాభై ఏళ్ల ఆవిడ గబగబా వచ్చి, గేటు తీయకుండానే, "ఇంట్లో లేడండీ" అంది.

విశ్వనాథం గారి కోసం వచ్చానని చెప్పాను. ఆవిడ ముఖం తేలిక పడింది. "ఆయన ఎప్పుడూ ఇంట్లోనే ఉంటారు. రండమ్మా" అని గేటు తీసింది. ఆవిడ ఆయన భార్య సుభద్ర గారు. లేడన్నది ఎవరి గురించో నేను అడగలేదు.

విశ్వనాథం గారు సన్నగా, పొడుగ్గా ఉన్నారు. కుడి చెవి సరిగా వినపడదు కాబట్టి ఎదుటివాళ్లందరికీ అంతేనన్నట్టు గట్టిగా మాట్లాడతారు. ముందుగది నిండా నిఘంటువులు. కుర్చీలో ఉన్న రెండింటిని తీసి నేల మీద పెట్టి నాకు చోటు చేశారు. రైలు సమయానికే వచ్చిందా, జనగామలో వానలెలా ఉన్నాయి అని అడిగారు. భోజనాలయ్యాక మాట్లాడుకుందామంటే, వడ్డించేటప్పుడే మాట్లాడదాం, సుభద్రకీ కాలక్షేపం అన్నారు. దొండకాయ వేపుడు, పప్పు, మజ్జిగ పులుసు. రెండో ముద్ద దగ్గర ఆయన అడిగారు.

"ఇంతకీ ఏ మాటమ్మా?"

"బ్యాంక్‌రప్ట్ అండీ. దివాలా."

సుభద్ర గారి చేతిలో గరిటె పులుసు గిన్నె మీద ఆగింది. ఆవిడ భర్త వైపు చూసింది, తర్వాత పైకప్పు వైపు చూసింది. ఆయన మాత్రం నా వైపే చూస్తున్నారు. వేరే మాట ఏదైనా అడగమ్మా అంటారేమో అనిపించింది. ఒక్క క్షణం ఆలోచించారు. కానీ ముప్పై ఏళ్లు ఎవరో ఒకరు మాటలకు అర్థం అడుగుతూ ఉండగా బతికి, రిటైరయ్యాక ఎవరూ అడగని మనిషి ఆయన. ఆగలేకపోయారు.

"మంచి మాట పట్టుకున్నారు" అన్నారు. "ఇటాలియన్‌లో బాంకా అంటే బల్ల. డబ్బు మార్చే వర్తకులు సంతలో బల్ల వేసుకుని కూర్చునేవారు. మన బ్యాంకు కూడా ఆ బల్లే. రొట్టా అంటే విరిగింది. బాంకా రొట్టా, విరిగిన బల్ల. ఫ్రెంచివాళ్లు దాన్నే బాంక్‌రూట్ చేసుకున్నారు, జర్మన్లు బాంక్‌రోట్. ఇంగ్లీషువాళ్లకు చివర్లో ఆ 'ప్' ఎక్కడిదంటే, పండితులు లాటిన్ చూసి తగిలించారు. పండితులు ఊరికే ఉండరు కదా."

మా నరసింహాచారి గారు గుర్తొచ్చారు. అంటే వర్తకుడు చేతులెత్తేస్తే నిజంగా బల్ల విరగ్గొట్టేవాళ్లా అని అడిగాను.

"గొడ్డలితో కొట్టేవాళ్లని కథ చెబుతారు. ఆ గొడ్డలి నాకు మాత్రం ఏ ఆధారంలోనూ కనపడలేదు. మన దివాలాకీ అలాంటి కథే ఉంది. బాకీలు తీర్చలేని కోమటి పట్టపగలు కొట్టు ముందు దీపం వెలిగించి పెట్టేవాడట. దివ్వె నుంచి దివాలా అంటారు. అదీ చూసినవాళ్లు లేరు."

"ఏమండీ, పులుసు చల్లారిపోతోంది" అంది సుభద్ర గారు.

"వేసుకుంటాను. స్పానిష్‌లో కియెబ్రా అంటారమ్మా, విరగడమే. పోలిష్‌లో పడిపోవడం. ఫ్రెంచి, ఇటాలియన్ కోర్టుల్లో వాడే మాట వేరే ఉంది, దాని వేరు లాటిన్‌లో మోసపుచ్చడం. జర్మన్ కోర్టు మాట కొంకుర్స్. అంటే అందరూ కలిసి పరుగెత్తి రావడం. ఎవరు? బాకీలవాళ్లు."

"ఏమండీ" అని మళ్లీ అంది ఆవిడ.

"ఒక్కటే ఉంది. జర్మన్లు ఇళ్లల్లో వాడే మాట ప్లైటె. అది యూదుల భాష మీదుగా హీబ్రూ నుంచి వచ్చింది. దానికి అర్థం" అని, నేను రాసుకోవడానికి వీలుగా ఇంకొంచెం గొంతు పెంచి, "పారిపోవడం" అన్నారు.

ఆయన పులుసు కలుపుకున్నారు. సుభద్ర గారు ఒక కంచంలో అన్నం, కూర సర్ది, పైన ఇంకో కంచం బోర్లించి, బయటి మెట్లెక్కి వెళ్లింది. రెండు నిమిషాల్లో అదే కంచంతో దిగివచ్చింది.

"వాడు లేడు" అంది. ఈసారి మాట మామూలుగా రాలేదు.

సంగతి అప్పుడు తెలిసింది. పై గదిలో ఉండేది ఆవిడ తమ్ముడు భాస్కర్. నాచారం పారిశ్రామికవాడలో చిన్న షెడ్డు అద్దెకు తీసుకొని మందుల సీసాలకు ప్లాస్టిక్ మూతలు చేసేవాడు. మూతలు కొనే కంపెనీ మూతపడింది. కొంతకాలం ఈదాడు. చివరికి కోర్టులో ఐ.పి. పెట్టాడు. షెడ్డుకు కోర్టు తాళం వేసింది. అప్పటి నుంచి అతను పై గది దిగలేదు. పెళ్లి కాలేదు, అక్కాబావలే దిక్కు. అన్నం పైకి పోతుంది, సగం తిన్న కంచం కిందికి వస్తుంది. ఎవరొచ్చి అడిగినా లేడని చెప్పడం సుభద్ర గారి పని.

"ఇన్నాళ్లూ దిగనివాడు ఇవాళ ఎందుకు దిగాడండీ" అంది ఆవిడ భర్తతో. "మీ గొంతు పైకి వినపడదనుకున్నారా?"

విశ్వనాథం గారు చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి నిలబడ్డారు. ఆ మాట తెచ్చింది నేను. కానీ ఎవరూ నా వైపు చూడలేదు. చూసి ఉంటే కొంత నయంగా ఉండేది. సుభద్ర గారు గేటు దగ్గరికి వెళ్లి సందు రెండు వైపులా చూసింది. చెరువు వైపు ఎవరినైనా పంపాలా అని, ఎవరినీ అడగనట్టు, మెల్లగా అంది. ఆవిడే మళ్లీ తేరుకొని, తను ఇంట్లో ఉంటానని, వాడొస్తే తలుపు తీసి ఉండాలని చెప్పింది. నాతో, "మీరూ వెళ్లండమ్మా. ఆయన ఆలోచనలో పడితే రోడ్డు చూడరు" అంది.

బస్టాపు దగ్గర ఆటో దొరికింది. ముందు షెడ్డుకు పోదామన్నారు విశ్వనాథం గారు. పారిశ్రామికవాడ ఆదివారం కాబట్టి ఖాళీగా ఉంది. రేకుల షెడ్డు తలుపుకు తాళం, తాళానికి గుడ్డ చుట్టి లక్క ముద్ర. పక్క ఫ్యాక్టరీ కాపలాదారు స్టూలు మీద కూర్చొని రేడియో వింటున్నాడు. భాస్కర్ వచ్చాడా అని అడిగితే రేడియో చప్పుడు తగ్గించాడు.

"వచ్చిండు సార్. మస్తు రోజులకు వచ్చిండు. గా తాళం జర సేపు సూసిండు. మంచిగున్నవా అన్న. ఉన్న అన్నడు. ఉప్పల్ పోయే ఆటో ఎక్కిండు."

చెరువు వైపు కాదు. ఇద్దరం ఆటోలో కూర్చున్నాక ఆయన ఊపిరి వదిలారు.

ఉప్పల్ రోడ్డెక్కాక ఆయన మళ్లీ మాటల సంగతి మొదలుపెట్టారు. అది నాకు చెప్పడం కోసం కాదని ఇప్పుడు అనుకుంటాను. ఏం చేయాలో తెలియనప్పుడు ఆయనకు తెలిసిన పని అదొక్కటే.

"ఆ కొంకుర్స్ అన్న మాటలో మొదట బాకీలూ వ్యాపారమూ ఏమీ లేవమ్మా. లాటిన్‌లో ఊరికే గుంపు కూడటం. తర్వాత కోర్టులోకి వెళ్లింది." వెంటనే, "ఉప్పల్‌లో వాడు పోదగ్గ చోట్లు రెండే. ఒకటి చౌరస్తా. జిల్లాలకు పోయే బస్సులన్నీ అక్కడ ఆగుతాయి. రెండోది యాదగిరి ఇల్లు. ప్లాస్టిక్ గుళికలు అమ్ముతాడు, మనవాడికి సరుకు వేసింది అతనే. ఒకప్పుడు స్నేహితులు. ఈ మధ్య నాలుగుసార్లు ఇంటికొచ్చాడు. నాలుగుసార్లూ లేడనే చెప్పాం. అక్కడికైతే పోడు" అన్నారు.

ఆటో డ్రైవరు వెనక్కి తిరక్కుండానే, "గట్లయితె చౌరస్తనే సార్" అన్నాడు.

చౌరస్తాలో దిగి బస్సులు ఆగే చోటంతా చూశాం. వరంగల్ బస్సు ఒకటి బయలుదేరబోతుంటే విశ్వనాథం గారు ఎక్కి ఒక్కొక్క సీటూ చూసుకుంటూ చివరిదాకా పోయారు. కండక్టరు టికెట్ అన్నాడు. వెతకడానికి టికెట్ ఎందుకన్నారు ఈయన. నేను కింద నుంచి చేతులు ఊపితే దిగారు. అరటిపండ్ల బండి దగ్గర అడిగాం. సోడా కొట్టు దగ్గర అడిగాం. నీలం చొక్కా, గడ్డం పెరిగి ఉంటుంది అని ఆనవాళ్లు చెబితే, సోడా కొట్టతను అటూ ఇటూ చూసి అలాంటివాళ్లు ముగ్గురు ఇక్కడే ఉన్నారని చూపించాడు. వాళ్లలో భాస్కర్ లేడు.

ఇక మిగిలింది యాదగిరి ఇల్లు. అక్కడా లేకపోతే అన్న ఆలోచన ఇద్దరికీ వచ్చింది. అక్కడ ఉంటే ఏం జరుగుతోందోనన్న భయం ఆయనకు అదనం. "అతనికి కోపం ఎక్కువ. న్యాయమైన కోపమే" అన్నారు. రామంతాపూర్ వైపు పోయే రోడ్డు మీద రెండో సందులో, ముందు దుకాణం, వెనక ఇల్లు. దుకాణం షట్టరు వేసి ఉంది. పక్క తలుపు తీసే ఉంది. గడప బయట ఒక జత పాత తోలు చెప్పులు ఉన్నాయి. విశ్వనాథం గారు వాటిని చూసి, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డారు. "వాడివే" అన్నారు.

లోపల అరుపులేమీ లేవు. మంచం మీద గడ్డం పెరిగిన మనిషి, ఎదురుగా కుర్చీలో బనీనుతో ఇంకో మనిషి. మధ్య స్టూలు మీద మీగడ కట్టిన రెండు చాయ్ గ్లాసులు. కుర్చీలో మనిషి యాదగిరి. మమ్మల్ని చూసి లేచాడు.

"రాండ్రి సార్. మీ బామ్మర్ది వచ్చిండు. వచ్చి గంటైతుంది. గప్పటి సంది ఇద్దరం గిట్లనే కూసున్నం. ఏం చెప్పాల్నో ఆయనకు సమజైతలేదు, ఏమడగాల్నో నాకు సమజైతలేదు."

విశ్వనాథం గారు రెండు చేతులూ జోడించారు. "యాదగిరి గారూ, మీ బాకీ సంగతి నేను..."

"బాకీ కోర్టుల ఉంది గద సార్. కోర్టు జూస్కుంటది. నేను పోయిన కాడికి పోయిందనుకున్న. నాకు గా సంగతి గాదు." అతను భాస్కర్ వైపు తిరిగాడు. అడగాల్సింది అప్పుడు దొరికినట్టుంది. "నా చెల్లె పెండ్లికి ఎందుకు రాలే?"

భాస్కర్ తలెత్తాడు. "పెళ్లా? సరిత పెళ్లా?"

"సరిత పెండ్లే. ఇంకెవరున్నరు నాకు చెల్లెండ్లు? పత్రిక ఇద్దామని నాలుగుసార్లు మీ ఇంటికొచ్చిన. నాలుగుసార్లు అక్క లేడన్నది. పైన ఫ్యాన్ తిరుగుతుంటె కిందికి ఇనొస్తది భాస్కరన్నా."

"పత్రిక అక్క చేతికి ఇచ్చి పోవలసింది" అన్నాడు భాస్కర్, చాలా చిన్నగా.

"గట్లెట్ల ఇస్త? భోజనాల కాడ నువ్వు నిలబడతనన్నవు. సరిత పదో తరగతిల ఉన్నప్పటి సంది అంటున్నవు. నీ పత్రిక నీకే ఇయ్యాలె." యాదగిరి గొంతు పెంచలేదు. "పంక్తి కూసోబెట్టమని మా మామ అంటుండు. భాస్కరన్న వస్తడు, జర ఆగుండ్రి అన్న. ఆపిన. అన్నం సల్లారింది. అందరు నన్ను తిట్టిన్రు."

"నేను డబ్బు కోసం వచ్చావనుకున్నాను" అన్నాడు భాస్కర్.

"తెలుసు. గదే నాకు కోపం."

భాస్కర్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. యాదగిరి ఏం చేయాలో తెలియక ఫ్యాను స్విచ్చి ఒక నంబరు పెంచాడు. విశ్వనాథం గారు వెళ్లి మంచం మీద భాస్కర్ పక్కన కూర్చున్నారు. ఆ రోజు ఆయన దగ్గర మాట లేకుండా పోయింది అక్కడొక్కచోటే. చెయ్యి ఎత్తి అతని వీపు మీద వేశారు. అలాంటి పని ఆయన ఎక్కువగా చేసి ఉండరు. చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి తర్వాత దిగింది.

కొంతసేపటికి భాస్కర్ ముఖం తుడుచుకున్నాడు. "మీరు కింద చెప్పిందంతా వినపడింది బావా. బల్ల అన్నారు, పడిపోవడం అన్నారు. అక్కడిదాకా బాగానే పడుకుని విన్నాను. పారిపోవడం అన్న దగ్గర లేచాను. జర్మనీలో కూడా నా గురించి మాట ఉందని తెలిశాక ఇక ఆ గదిలో ఉండబుద్ధి కాలేదు. ముందు ఎవరి దగ్గరికి పోవాలా అనుకుంటే యాదగిరే గుర్తొచ్చాడు. తిడతాడనే వచ్చాను."

"జర్మనీ ఎక్కడ్నుంచి వచ్చింది నడుమ?" అని యాదగిరి నన్ను అడిగాడు. నేను ఎవరో అప్పటిదాకా అతనికి ఎవరూ చెప్పలేదు. ఒక మాట కోసం జనగామ నుంచి వచ్చానని చెప్పాను. అతను తలూపాడు. ఆ రోజు అతనికి అర్థం కాని సంగతుల్లో అదొకటి, పెద్దది కూడా కాదు.

వంటింట్లోంచి అతని భార్య పుష్ప వచ్చింది. "ముందుగాల తిననియ్యిరి. తిన్నంక కొట్లాడుదురు" అని చాప పరిచింది. కోడికూర, జొన్న రొట్టె, విశ్వనాథం గారు మాంసం తినరని తెలిసి ఆయనకు పప్పు. నేను అప్పటికి ఒకసారి భోజనం చేసి ఉన్నాను. ఆ మాట చెప్పే పరిస్థితి కనపడలేదు. మళ్లీ తిన్నాను. ఉప్పల్ వెళ్లినవాళ్లు ఎక్కడ తినాలో చెప్పమంటే, నాకు ఆ ఇల్లు తప్ప ఇంకో చోటు తెలియదు.

తినే ముందు విశ్వనాథం గారు సందు మొదట్లో ఉన్న ఫోను బూత్‌కు పోయి, నాచారంలో పక్కింటివాళ్లకు ఫోను చేసి సుభద్ర గారిని పిలిపించారు. నేను వెంట ఉన్నాను. ఆవిడ రావడానికి కొంచెం సేపు పట్టింది. ఆయన రిసీవరులోకి తన మామూలు గొంతుతో, "ఉన్నాడు. యాదగిరి ఇంట్లో ఉన్నాడు. కోడికూర తినబోతున్నాడు" అన్నారు. అవతలి నుంచి ఏమీ వినపడలేదు. ఆయన ఫోను పెట్టేయకుండా అలాగే పట్టుకొని నిలబడ్డారు. బూత్ అతను మీటరు వైపు చూపించాడు. ఫరవాలేదు నాయనా, తిరగనివ్వు అన్నారు.

భోజనాలయ్యాక పుష్ప పెండ్లి ఆల్బమ్ తెచ్చింది. పెండ్లి జరిగి నెల కూడా కాలేదు, పేజీలు ఇంకా అతుక్కుంటున్నాయి. యాదగిరి దాన్ని భాస్కర్ ఒళ్లో పెట్టి పక్కన కూర్చొని ఒక్కొక్క ఫొటో చూపించడం మొదలుపెట్టాడు.

"గిది ఎదుర్కోళ్లు. మా చిన్నాయన పక్కన గీ జాగ ఉంది సూడు, గిక్కడ నువ్వుండాలె." పేజీ తిప్పాడు. "గిది తలంబ్రాలు. గీ స్తంభం కాడ నువ్వుండాలె." ఇంకో పేజీ. "భోజనాలు. గీ బకెట్ నీది. మా మేనల్లుడు పట్టుకున్నడు, సాంబార్ కింద పోసిండు."

ఆల్బమ్ మొత్తం అలాగే చూపించాడు, ఒక్క ఫొటో వదలకుండా. భాస్కర్ ప్రతిదానికీ ఊఁ అన్నాడు. అప్పగింతల ఫొటో దగ్గర, "సరిత బాగా ఏడ్చిందా?" అని అడిగాడు. "మస్తు ఏడ్చింది. భాస్కరన్న రాలేదని గూడ ఏడ్చింది" అన్నాడు యాదగిరి. ఆ రెండోది నిజమో కాదో పుష్ప ముఖం చూస్తే తెలియలేదు. ఆమె గ్లాసులు తీసుకొని లోపలికి పోయింది.

ఎండ తగ్గాక నేను లేచాను. ముగ్గురు మగవాళ్లూ చౌరస్తా దాకా వచ్చారు. దారిలో యాదగిరి, మల్లాపూర్‌లో ప్లాస్టిక్ అచ్చులు చేసే తనకు తెలిసినాయన ఒకతను ఉన్నాడని, పని తెలిసిన మనిషి కోసం చూస్తున్నాడని చెప్పాడు. "రేపు పోదమా?" అని అడిగాడు. భాస్కర్ బుగ్గలు తడుముకున్నాడు. "గడ్డం తీసుకోవాలి" అన్నాడు. యాదగిరి దాన్ని ఒప్పుకోలు కిందే తీసుకున్నాడు. తర్వాత విశ్వనాథం గారి కార్డుల వల్ల నాకు తెలిసింది ఏమిటంటే, భాస్కర్ ఆ పనిలో చేరాడు, కోర్టు వ్యవహారం మాత్రం చాలాకాలం నడిచింది, పై గది కిటికీ పరదా సుభద్ర గారు తీసి ఉతికింది. మా పదకోశం కూడా అచ్చయింది. అందులో బ్యాంక్‌రప్ట్ ఎదురుగా దివాలా అనే ఉంది. నరసింహాచారి గారు తన మాటను బ్రాకెట్లో పెట్టించుకున్నారు. పిల్లలెవరూ దాన్ని పలకలేదు.

హనుమకొండ బస్సు వచ్చింది. విశ్వనాథం గారు కిటికీ కింద నిలబడి, మళ్లీ రమ్మన్నారు. 'సి' అక్షరంలో కూడా మంచి మాటలున్నాయన్నారు. పుష్ప నా కోసం కట్టిచ్చిన జొన్న రొట్టెల పొట్లం తన చేతిలోనే ఉండిపోయిందని భాస్కర్ చూసుకొని, బస్సు కదులుతుంటే రెండడుగులు పరుగెత్తి కిటికీలోంచి అందించాడు.

ఉప్పల్ దాటాక రెండు వైపులా పొలాలు వచ్చాయి. నాచారం, ఉప్పల్ చూడదగ్గ చోట్లేనా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. ఫ్యాక్టరీ గోడలు, ఒక చౌరస్తా, గంటకో రకం వాసన. నేను చూసింది రెండు ఇళ్లు, ఒక తాళం వేసిన షెడ్డు, ఒక ఆల్బమ్. రోజంతా తిరిగినా కాళ్లు నొప్పి పుట్టలేదు. కడుపు మాత్రం బరువుగా ఉంది.

పక్క సీట్లో పసిపిల్లను ఒళ్లో పడుకోబెట్టుకున్న ఒకామె, కిటికీ దగ్గర జరిగిందంతా చూసింది కాబోలు, ఘట్‌కేసర్ దగ్గర పలకరించింది.

"ఉప్పల్ల ఎవరున్నరక్కా మీకు? చుట్టాలా?"

పొద్దున రైలెక్కేటప్పటికి నాకు ఆ ఊళ్లో ఒక్క మనిషి కూడా తెలియదు.

"చుట్టాలే" అన్నాను. పొట్లం విప్పి రొట్టె ఒకటి ఆమెకిచ్చాను.